అరిగిన బంతి

కొత్తపేటలో కడుతున్న అపార్ట్‌మెంటుకు స్లాబు పోయడం మధ్యాహ్నానికే అయిపోయింది. కాంక్రీటును పైకి తోసే పంపు సీతారాములు చేతి కింద ఉంటుంది. పని ముగియగానే గొట్టంలో స్పాంజి బంతి పెట్టి వెనక నుంచి నీళ్లు తోయాలి. లోపల మిగిలిన కాంక్రీటును ఊడ్చుకుంటూ ఆ బంతి ఐదో అంతస్తులో బయటపడాలి. ఆలస్యమైతే గొట్టం గొట్టమంతా రాయైపోతుంది.

బంతి అరిగిపోయింది. కొత్తది అడిగి వారమైంది. మేస్త్రీ ఇవాళ, రేపు అంటున్నాడు. బంతికీ గొట్టానికీ నడుమ సందుంటే నీళ్లు పక్కనుంచే జారిపోతాయి, బంతి కదలదు. పోనీ అని ఏదైనా చుట్టి లావు చేస్తే వంపులో ఇరుక్కుంటుంది, వెనక ఒత్తిడి పెరిగిపోతుంది. కొత్తవాళ్లందరికీ ఈ పాఠం చెప్పేది సీతారాములే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఆ రోజు తన సద్దిడబ్బాకు కట్టిన గుడ్డ విప్పి తనే బంతికి చుట్టాడు.

పైన గొట్టం చివర బామ్మర్ది యాదగిరి ఉన్నాడు. నల్గొండ నుంచి వచ్చి మూడు నెలలే. "మా తమ్మున్ని నీ చేతులల్ల పెడుతున్న" అని కిష్టమ్మ మొగుడికి మరీ మరీ చెప్పింది.

"బావా, ఏం ఒస్తలేదేంది?" ఫోన్‌లో అడిగాడు యాదగిరి.

"జర దూరం ఉండు. మూతి ముందటికి పోకు."

పంపు మీద ఒత్తిడి చూపే ముల్లు ఎక్కుతోంది. ఆపి, ఒత్తిడి వదిలేసి, గొట్టం విప్పాలి. సీతారాములుకు తెలుసు. కానీ అంతలో కాంక్రీటు బిగిసిపోతుందని భయపడి ఇంకొక్కసారి తోశాడు. పైన ఢామ్మని మోగింది. ఇరుక్కున్న బంతి కాంక్రీటుతో సహా ఎగజిమ్మింది, ఫోన్‌లో యాదగిరి కేక వినబడింది.

ఎల్బీనగర్ దవాఖానలో, కుడికన్ను దక్కదని సాయంత్రానికి తేల్చేశారు.

"నేనే తొంగి చూసినక్కా. బావ వద్దనే అన్నడు" అన్నాడు యాదగిరి, కట్టు కింద నుంచి. ఆ మాట వింటుంటే సీతారాములుకు చచ్చిపోవాలనిపించింది.

కిష్టమ్మ ఏడ్చి ఏడ్చి కళ్లు తుడుచుకుంది. మొగుడి పక్కనున్న సద్దిడబ్బా ఎత్తి చూస్తే బరువుగా ఉంది.

"పొద్దటి సంది తినలే నువ్వు. రెండు ముద్దలన్న తిను. దీని గుడ్డేది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. బెడ్డు మీది పిల్లవాణ్ణి చూసి మింగేశాడు.

"బంతికి చుట్టిన."

పద్దెనిమిదేళ్లుగా అన్నం దగ్గర బంతికి ఏమీ చుట్టొద్దన్న ముచ్చట్లు విన్న మనిషి ఆమె. డబ్బా తీసుకుపోయి నర్సు బల్ల మీద పెట్టి, తమ్ముడి పక్కన కూర్చుని, "నువ్వు ఇంటికి పో" అంది.