మతి లేనిదాని సంతకం

"కాళ్లు పోతే ఏమాయె, చేతులున్నయి గద," అంటూ మా అత్త బక్కమ్మ పొద్దున్నే బియ్యం చాట నా ఒళ్లో పెట్టింది. చాట బరువు నాకు తెలియదు. నడుము కింద ఏదీ తెలియదు. రాళ్లు ఏరడం మాత్రం తెలుసు.

తొమ్మిది నెలల కింద డాబా మీది నీళ్ల ట్యాంకు కడగడానికి ఎక్కి జారిపడ్డాను. వెన్నుపాము నలిగింది. హైదరాబాద్ దవాఖానలో డాక్టరమ్మ నా భర్త వెస్లీని కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. "దెబ్బ వెన్నుకే తగిలినా, మెదడులో నరాల కణాలను కనిపెట్టుకుని ఉండే సహాయక కణాలు కూడా మారొచ్చు. నిద్ర పట్టకపోవచ్చు, మనసు కుంగిపోవచ్చు. అది పిచ్చి కాదు. ఆమెతో మాట్లాడుతూ ఉండండి."

అన్ని మాటల్లోంచి వెస్లీ మా ఊరు బాన్సువాడకు మోసుకొచ్చింది ఒక్కటే. మెదడు.

అప్పటి నుంచి నేనేం అడిగినా అదే జవాబు. మూత్రం సంచి నిండింది, మార్చమంటే, "దానికి దిమాక్ ఖరాబైంది, ఊకె ఒర్లుతది." చుట్టాల ముందు దుప్పటి కప్పమని ఏడిస్తే, "కణాలు ఏడుస్తున్నయి," అని నవ్వాడు. ఆ మనిషే సాయంత్రం ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టేవాడు. అతని విత్తనాల కంపెనీ రిపోర్టులు పెళ్లైన నాటి నుంచీ నేనే టైప్ చేస్తున్నాను.

మొన్న ఆదివారం చర్చి పెద్ద భీంరావును వెంటబెట్టుకొచ్చాడు. నాకు మతి లేదు కాబట్టి విడాకులు కావాలట.

"భీంరావన్నా, మతి లేనిదానితోని నిన్నటిదాక రిపోర్టులు ఎట్ల చేయించిండో అడుగు," అన్నాను. పక్కనే ఉన్న ల్యాప్‌టాప్ తెరిచి, నేను చేస్తున్న ఆ నెల రిపోర్టు ఆయన వైపు తిప్పాను.

ఆయన చాలాసేపు చదివాడు. "నిజమే బిడ్డా. నీ దిమాక్ మంచిగనే ఉన్నది."

నాకు ఏడుపొచ్చింది. ఇన్ని నెలల్లో నన్ను మనిషిగా ఒప్పుకున్న మొదటి మాట అది.

ఆయన వెస్లీ వైపు తిరిగాడు. "అయితే ఇగ ఫికర్ లేదు. సంతకం చెల్లుతది. ఇష్టంతోనే విడిపోతున్ననని రాయించుకో."

వెస్లీ కాగితం మీద గబగబా రాసి, పెన్ను నా వేళ్ల మధ్య ఇరికించాడు. పోనీ, అతన్ని వదిలేద్దామా అనుకున్నాను. అతనికి ముప్పై రెండేళ్లే.

"మరి నీ కంపెనీ పని ఎవలు చేస్తరురా?" అడిగింది అత్త.

"వెనుక రూంల ఉంటది గదనే. ఏడికి పోతది?"

'ఇష్టంతోనే' అన్న మాట కొట్టేసి, పైన 'ఇష్టం లేదు' అని రాశాను. కింద నా పూర్తి పేరు పెట్టాను. తర్వాత ల్యాప్‌టాప్ మూసి వెస్లీకి అందించాను. ఆ నెల రిపోర్టు సగమే అయింది.