నైరుతి మూల

నజీర్ రోలర్‌ను తెల్ల పెయింటులో ముంచి, బకెట్ అంచుకు గట్టిగా ఒత్తి పైకెత్తాడు. కోరుట్లలో ఎన్నో గోడలు అతని చేతుల మీదుగా రంగు మారినవే. సొంత ఇల్లు మాత్రం రేకులది. ఎండాకాలం అందులో భార్య రాబియా బీ అన్నం వండుతోందో, అన్నంతోపాటు తనూ ఉడుకుతోందో చెప్పడం కష్టం.

ఇవాళ్టి మిద్దె శ్రీశైలం సారుది. బ్యాంకులో రిటైరైన సారింట్లో కవరు లేని వస్తువు లేదు. కారుకు వెండిరంగు కవరు, వాషింగ్ మెషీన్‌కు పూల కవరు, రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు. ఇప్పుడు స్లాబుకు చలువ పెయింటు. మిగిలితే నజీర్‌కే ఇస్తానన్నారు. రేకుల మీద ఒక్క పూతైనా వేయాలని నజీర్ రోలర్‌ను అంత పొదుపుగా పిండుతున్నాడు.

మెట్ల తలుపు తూర్పున ఉంది. ఏ పెయింటరైనా దూరపు మూలన మొదలుపెట్టి మెట్ల దగ్గర ముగిస్తాడు. సారు ఒప్పుకోలేదు.

"ఈశాన్యంల మొదలువెట్టు, నైరుతిల ముగించు. వాస్తు."

"మరి దిగుడెట్ల సారూ?"

"ఆరినంక దిగు."

మిట్టమధ్యాహ్నానికి నజీర్ నైరుతి మూలకు చేరాడు. ముందంతా ఆరని తెలుపు, వెనక పిట్టగోడ. నీళ్ల సీసా మెట్ల దగ్గరే ఉండిపోయింది. పిట్టగోడ మీద ఒక చీమ తాపీగా పోతోంది.

సారు కూతురు దీప తలుపు దగ్గరికొచ్చింది. డిగ్రీలో పురుగుల పాఠం చదువుతోంది.

"చాచా, ఎడారిల కొన్ని చీమలకు ఒంటినిండ వెండి లెక్క నూగుంటదట. ఎండను ఎనుకకు పంపుతదట. ఒంట్ల ఏడిని గూడ బయటికి తోలుతదట."

నజీర్ గడ్డం తడుముకున్నాడు. "నాది గూడ తెల్లగైంది గద బిడ్డా. మరి ఎండ ఎందుకు ఎనుకకు పోతలేదు?"

దీప నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది. "నడిచి అచ్చెయ్ చాచా!"

కింది నుంచి సారు కేకేశారు. "అడుగులు వడ్తే మల్ల ఎయ్యాలె! మిగిలింది దానికే అయితది!"

నజీర్ బకెట్‌లోకి చూసుకున్నాడు. "ఆరనియ్ బిడ్డా," అని మూత పెట్టి, రుమాలు నెత్తిన కప్పుకుని, గోడకు ఆనుకున్నాడు. దీప విసిరిన సీసా సగం దూరంలో పడి, తెలుపులో దొర్లి ఆగింది.

కాసేపటికి సారు పైకొచ్చి చూశారు. "కునుకు తీస్తుండు."

దీప చెప్పులతోనే పరుగెత్తింది. నజీర్ ఒళ్లు కాలుతోంది. చెమట చుక్క లేదు. కారు కవరు విప్పడానికి కొంతసేపు పట్టింది. ఆసుపత్రికి చేరేసరికి ఆ ఒళ్లు చల్లబడింది.

దీప అడుగుల మీద వేరే పెయింటర్ మళ్లీ తెలుపు వేశాడు. మిగిలింది దానికే అయింది. సారు బకెట్‌ను కడిగించి మరీ పంపారు. రాబియా బీ రేకుల కింద అది మూత పెట్టుకుని ఉంది, అంచున కడిగినా పోని తెల్లటి చారతో.