మా అత్త నా పొయ్యిని తోమిన శనివారం

నా పొయ్యికి నేను తప్ప ఇంకొకరు చెయ్యి పెట్టకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ అంటే ఇద్దరే. ఒకరు నా మొగుడు నాగేంద్రబాబు, సిమెంటు లారీ డ్రైవరు. రెండో మనిషి మా అత్త వెంకాయమ్మ. మా ఆయనకు తల్లి, మా నాన్నకు సొంత అక్క, అంటే నాకు మేనత్త కూడా. అందుకే మా ఇద్దరి మధ్య మర్యాదలు తక్కువ, మాటలు ఎక్కువ.

పొయ్యి సంగతి చెప్పాలి ముందు. అది పోత ఇనుముతో చేసిన బొగ్గుల పొయ్యి. మూరెడు పొడుగు, జానెడు ఎత్తు. గాలి ఆడటానికి ముందు చిన్న తలుపు, పైన మాంసం కాల్చుకునే ఊచల జాలీ, పట్టుకుని ఎత్తడానికి రెండు పక్కలా కర్ర పిడులు. మా ఆయన కోయంబత్తూరు లోడుకు పోయినప్పుడు క్యాబిన్‌లో వేసుకుని తెచ్చాడు. చూడటానికి ఆటవస్తువులా ఉంటుంది, ఎత్తితే భుజం గుంజుతుంది. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం దాచేపల్లిలో మా ఇంటి ముందు దాని మీద కోడి కాల్చి అమ్ముతున్నాను. మొదట్లో బూడిదరంగులో, గరుకుగా ఉండేది. నూనె తాగి తాగి, కాలి కాలి, ఇప్పుడు తుమ్మమొద్దులా నిగనిగలాడే నలుపు తేలింది. ఆ నలుపు నా సంపాదన.

ఇంటి ముందు ఎన్నాళ్ళు కాలుస్తాను? లారీలు ఆగే యార్డు గేటు పక్కన ఒక మూల ఖాళీగా ఉంది. ఆ మూల మీద నాకు కన్ను పడి చాలా కాలమైంది. లారీ యూనియన్ ప్రెసిడెంటు పెదకోటయ్య బాబాయి దగ్గరికి వెళ్ళి నోరు తెరిచి అడిగాను.

"అమ్మాయ్, మూల ఇయ్యటం పెద్ద పని గాదు. ఇంతకుముందు ఇద్దరికిచ్చా, ఇద్దరూ నెల తిరక్కుండా లేచిపొయ్యారు. ఆదివారం మా యూనియన్ భోజనాలున్నయ్. ఆ మూలనే నీ పొయ్యి పెట్టుకో. మా డ్రైవర్లు రెండోసారి చెయ్యి జాపితే మూల నీది. జాపకపోతే మళ్ళా ఈ మాట నా కాడికి తేవద్దు" అన్నాడు.

"జాపుతారు బాబాయ్" అన్నాను. గొప్పకు అనలేదు. నా చేతి మీద నాకు అనుమానం లేదు, నా పొయ్యి మీద అంతకన్నా లేదు.

శనివారం పొద్దున బొగ్గులు తెచ్చుకుందామని బజారుకు వెళ్ళాను. మండీ మండని తడి బొగ్గు అంటగట్టబోయినవాడితో తగువు పెట్టుకుని, గట్టి తుమ్మబొగ్గు ఏరించుకుని తిరిగొచ్చేసరికి ఎండెక్కింది. వరండాలో గోనెపట్టా మీద ఉండాల్సిన పొయ్యి లేదు. పెరట్లో కుళాయి దగ్గర తొట్టిలో, నీళ్ళలో మునిగి ఉంది.

తీసి చూశాను. చింతపండు, ఇటుకపొడి వేసి, కొబ్బరిపీచుతో తోమిపారేసింది మా అత్త. రెండేళ్ళ నలుపు మూల మూలల్లోంచీ లేచిపోయింది. లోపలి బూడిదరంగు ఇనుము బయటపడి, దాని మీద అప్పుడే పసుపూ ఎరుపూ కలిసిన తుప్పు పొర కట్టింది. జాలీ మీద వేలు పెడితే వేలికి అంటింది.

అత్త గుమ్మంలో నిలబడి ఉంది. తలస్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, చేసిన మంచి పనికి మెప్పు కోసం చూస్తోంది.

"శనివారం పూట ఇంట్లో ఆ నీచు ఏందే? ఎంకటేశ్వర సామికి దీపం పెడదామని వరండాలోకి వస్తే మాడు కంపు కొట్టింది. రేపు పదిమందిలో పెట్టుకునే వస్తువు, అట్టా మసిబారి ఉంటే చూసినోళ్ళు మన ఇంటిని ఏమనుకుంటారు? చేతులు పడిపొయ్యేట్టు తోమినా" అంది.

మా వైపు మాంసం వండిన గిన్నె అంటే అంతే. వేరే పెట్టాలి, చింతపండు వేసి తోమాలి, తళతళలాడితేగాని ఇంట్లోకి రానివ్వరు. మా అత్త రెంటచింతలలో పుట్టి పెరిగింది, ఆ పద్ధతి ఆవిడ ఎముకల్లో ఉంది. మా పొయ్యి మీద ఆవిడకు పగేమీ లేదు. ఉంటే నాకు సులువుగా ఉండేది, నాలుగు మాటలతో కడిగేసేదాన్ని.

కోపం నషాళానికి అంటింది. గబగబా వంటింట్లోకి పోయి, మేకుకు తగిలించిన దోశ పెనం తీశాను. అది మా అత్త పెనం. రెంటచింతల నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. దానికి సబ్బు తగిలించడం, దాని మీద చపాతీ కాల్చడం, ఆఖరికి దాన్ని ఆ మేకు మీంచి ఈ మేకుకు మార్చడం కూడా మా ఇంట్లో నేరమే. ఆ పెనాన్ని తెచ్చి కుళాయి కింద పెట్టి, మిగిలిన చింతపండు ముద్ద అందుకున్నాను.

"ఏం జేస్తన్నావే?" అత్త గొంతు మారింది.

"తోముతున్నా అత్తా. నల్లగా ఉందిగా. చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? అది తోమితే మళ్ళా దోశ లేచిద్దా?"

"మరి దీన్ని తోమితే ముక్క లేచిద్దా?" అని తొట్టిలోని పొయ్యిని చూపించాను.

మా అత్త నన్ను చూసింది. పెనాన్ని చూసింది. తొట్టిని చూసింది. ఆవిడకు అర్థమైన క్షణం నాకు స్పష్టంగా తెలిసింది, ఎందుకంటే జన్మలో మొదటిసారి ఆవిడ నా మాటకు ఎదురుమాట చెప్పలేదు. నా చేతిలోంచి పెనం లాక్కుని, చెంగుతో తుడిచి, లోపలికి పోయింది. నేను అక్కడే కుళాయి గట్టు మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. రేపు మధ్యాహ్నానికి ఆ మూల చేజారిపోతుందన్న భయం అప్పుడు వేసింది, అప్పుడొక్కసారే.

ఆ తరువాత కొంగు బిగించి లేచాను. పోయిన నలుపు మళ్ళీ పట్టించడం నాకు తెలుసు, ఒకసారి పట్టించిన దాన్నే కదా. రెండేళ్ళ పట్టు ఒక్క పూటలో రాదు. ముక్క లేచేంత పట్టు మాత్రం వస్తుంది.

ముందు తుప్పునంతా ఉప్పుకాగితంతో రుద్ది, కడిగి, పొడిగుడ్డతో తుడిచాను. తుడిచిన వెంటనే అందులో బొగ్గులు రాజేశాను. తడి ఒక్క చుక్క ఎక్కడ దాక్కున్నా మళ్ళీ తుప్పు మొలుస్తుంది, ఇనుము బాగా వేడెక్కితేగాని ఆ తడి వదలదు. వేడెక్కాక పాతగుడ్డను వేరుశనగ నూనెలో ముంచి పిండి, కర్రకు చుట్టి, బొగ్గులు ఒక పక్కకు తోసుకుంటూ లోపలా బయటా జాలీకీ రాశాను. రాసిందంతా ఇంకో పొడిగుడ్డతో తుడిచేశాను.

వెనక నుంచి మాట వినపడింది. "రాసిందంతా తుడుస్తావేందే? బాగా పొయ్యవే నూనె."

"మందంగా పోస్తే జిగురు కడుతుంది అత్తా. పలచగా పడితేనే ఇనుము పట్టుకుంటుంది. నీ పెనానికి తెలియని సంగతా?"

"పెనానికైతే అంతే" అంది నెమ్మదిగా.

పొగ వచ్చి, ఆ పొగ తగ్గేదాకా కాల్చడం, కాస్త చల్లారనిచ్చి మళ్ళీ రాయడం, తుడవడం, మళ్ళీ కాల్చడం. అది ఓపిక పని. మా అత్త ఎప్పుడొచ్చి కూర్చుందో చూడలేదు గాని, కాసేపటికి విసనకర్ర ఆవిడ చేతిలో ఉంది. శనివారం ఒంటిపూట ఉండే మనిషి, సాయంత్రం తినే ఉప్మా సంగతే మరిచిపోయి, నీచు పొయ్యికి అడుగు దూరంలో కూర్చుని బొగ్గులకు విసురుతోంది. తప్పయిందని అనలేదు. అనదు కూడా. దీపాలు పెట్టే వేళకు పొయ్యి గోధుమరంగు దాటి నలుపులోకి తిరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం మా ఆయన బండి మీద పొయ్యిని, మసాలా పట్టించిన కోడిముక్కల డబ్బాను యార్డు దగ్గర దించి, వడ్డనల పనికి పోయాడు. షామియానా కింద బిర్యానీ గుండిగలు, కుర్చీలు, మైకు. మూలలో నేను, నా పొయ్యి. పక్కనే వాజిద్ మెకానిక్ షెడ్డు. అతను తొంగి చూసి, "ఏందక్కా, పొయ్యి రంగు మారింది?" అన్నాడు.

"స్నానం చేసొచ్చిందిలే" అన్నాను.

బొగ్గులు ఎర్రగా రాజుకుని, పైన తెల్లగా బూడిద పట్టేదాకా ఆగాను. మంట ఉండగా ముక్క పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. జాలీ బాగా కాగాక నూనెగుడ్డతో ఒకసారి రాసి, మొదటి వాయి వేశాను. కుడిపక్క ముక్కలు చక్కగా లేచాయి. ఎడమపక్క మూల మాత్రం పట్టుకుంది. ఉప్పుకాగితం అక్కడ ఎక్కువ రుద్దాను కాబోలు. గీరితే తోలు జాలీకి ఉండిపోయి ముక్క చీలికలైంది. సరిగ్గా అప్పుడే పెదకోటయ్య బాబాయి నాలుగడుగుల దూరంలో నిలబడి చూస్తున్నాడు.

"ఏంది, అంటుకుంటందా?" అన్నాడు.

"ఒక పక్కే బాబాయ్. రెండో పక్క తిందువుగాని రా" అన్నాను. బొగ్గులన్నీ పటకారుతో కుడివైపుకు తోశాను. సగం పొయ్యి మీద పని నడుపుతున్నాను గాని, ప్లేట్లు పట్టుకున్న డ్రైవర్లు వరస కట్టారు. సగం పొయ్యి వాళ్ళకు చాలదు. మొదటి ముక్క అందనివాడు రెండోసారి చెయ్యి ఎలా జాపుతాడు?

గేటు దగ్గర ఆటో ఆగింది. మా అత్త దిగింది. ఒక చేతిలో నూనె గిన్నె, రెండో చేతిలో పుల్లకు గుచ్చిన సగం ఉల్లిపాయ. దోశలు పోసేటప్పుడు ఆవిడ పెనానికి రాసే ఉల్లిపాయ. ఆటోలో అందరూ చూస్తుండగా దాన్ని అలాగే పట్టుకుని వచ్చిందన్నమాట. పెదకోటయ్య బాబాయి "అక్కా, బాగుండావా?" అంటే తల కూడా తిప్పలేదు.

"జరుగు" అంది నాతో.

నా పొయ్యి దగ్గర నన్ను జరగమన్న మనిషి అంతవరకూ లేదు. జరిగాను.

చీలికలు గీరేసి, ఉల్లిపాయను నూనెలో ముంచి, అంటుకునే మూలను చుయ్‌మని రుద్దింది. ఆగింది, మళ్ళీ రుద్దింది. ఊచలు చూస్తుండగానే నున్నబడ్డాయి. "ఇప్పుడెయ్యి" అంది. బొగ్గులు మళ్ళీ సర్ది, ముక్క వేశాను. కాలాక పటకారుతో అంటే చాలు, లేచింది. ఇక చూడండి, వాయికీ వాయికీ మధ్య ఆవిడ ఉల్లిపాయ, వెనకే నా ముక్కలు. అత్తాకోడళ్ళం ఒక్క మాట అనుకోకుండా అంతసేపు పనిచేయడం అదే మొదలు.

డ్రైవర్లు రెండోసారి వచ్చారు. కొందరు మూడోసారి వచ్చి, మొదటిసారి వచ్చినట్టు మొహం పెట్టారు. "రేపు కూడా ఉంటావా అక్కా?" అని ఒకతను అడిగితే, పెదకోటయ్య బాబాయి వైపు చూశాను. ఆయన ఎముక చీకుతూ, "ఉంటది లేరా. మూల ఆమెదే" అన్నాడు. అనేసి బిర్యానీ వైపు వెళ్ళిపోయాడు. అంత చిన్న మాట కోసం అన్నాళ్ళు కాచుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొగ మీదికి నెట్టాను.

భోజనాలయ్యాక వాజిద్ బకెట్టు నిండా నీళ్ళు పట్టుకొచ్చాడు. "డీజిలు బళ్ళుండే చోటక్కా, నిప్పు ఆర్పేసి, పొయ్యి కూడా శుభ్రంగా కడిగిస్తా" అన్నాడు మంచితనంగానే.

నేను నోరు తెరిచేలోపు మా అత్త బకెట్టుకు అడ్డం నిలబడింది.

"కాలే ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే పగిలిపోదుటయ్యా? కడిగేదేంది, దాన్ని కడగరు. అది మా కోడలి పెనం."

పొయ్యి తలుపు మూసి, బొగ్గులను పటకారుతో ఒక్కొక్కటే మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, మూత బిగించాను. గాలి ఆడక నిప్పు అదే చస్తుంది. జాలీ వేడి మీదుండగానే పొడి కొబ్బరిపీచుతో గీరాను. ఇనుము చల్లారాక బూడిద మొత్తం దులిపేశాను, బూడిద చెమ్మ పీల్చి తుప్పు తెస్తుంది. ఆఖరున నూనెగుడ్డతో తుడిచాను. వాజిద్ బకెట్టు పక్కన పెట్టి అంతా చూస్తూ నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక వరండాలో గోనెపట్టా పరవబోయాను. మా అత్త పొయ్యిని రెండు పిడులూ పట్టుకుని, ఆయాసపడుతూ, వరండా దాటి, గడప దాటి, వంటింట్లోకి తీసుకుపోయింది. రెండేళ్ళలో ఆ పొయ్యి ఆ గడప దాటలేదు. దోశ పెనం వేలాడే మేకు కింద గట్టు మీద పాత గుడ్డ పరిచి, దాని మీద పెట్టింది.

"అత్తా, మళ్ళా శనివారం వస్తే? నీచు అంటావు" అన్నాను.

"పెనానికి నీచేందే?" అంది. ఉల్లిపాయ వాసన కొట్టే చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది.