ఎలాగూ వెళ్తున్నావుగా

“ఎలాగూ ఇస్త్రీపెట్టె తీశావుగా, నా చొక్కా కూడా చేసెయ్యి,” అన్నారు మా ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా. చొక్కా మడతపెట్టి స్టవ్ దగ్గరికి వెళ్తే, “ఎలాగూ అక్కడే ఉన్నావు, కాసిని నీళ్లు కాచివ్వమ్మా,” అన్నారు అత్తగారు. ఈ ఇంట్లో నాకు పని చెప్పాలంటే ఆ ఒక్క మాట చాలు.

నేను ఉపగ్రహ ప్రసార కేంద్రంలో ఇంజనీరుని. టీవీ కార్యక్రమాలు వెళ్లే దారిలోనే ఇంటర్నెట్ సమాచారాన్నీ పంపుతాం. ఆ దారిలో అన్నీ ఒకే కొలత పెట్టెలు, ఒక్కోటి నూట ఎనభై ఎనిమిది బైట్లు. పంపాల్సిన సమాచారం ముక్క చిన్నదైతే, పెట్టెలో మిగతా చోటంతా అర్థంలేని అంకెలతో నింపేసేవాళ్లం. ఆ చోటులోనే తర్వాతి ముక్కని మొదలుపెడదామని మా కేంద్రంలో పట్టుబట్టి, ప్రోగ్రాం రాసింది నేను. ఖాళీ వృథా పోకూడదని నాకు ఎక్కడ అలవాటైందో వేరే చెప్పాలా!

ఈరోజు పదింటికి ఆఫీసులో పెద్దవాళ్ల ముందు దాన్ని వివరించాలి. “మీకు ఇంటిపనులుంటాయి కదా మేడమ్, ఆలస్యమైతే నేను చెప్పేస్తాలెండి,” అన్నాడు నిన్న మా మేనేజరు. అతను చెబితే అది అతనిదైపోతుంది. పోయినసారి నేను అందరికీ టీ చెప్పి వచ్చేసరికి, అతను చెప్పడం, చప్పట్లు కూడా అయిపోయాయి. ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్లు మండుతుంది.

తొమ్మిదింబావుకి బ్యాగు తగిలించుకున్నాను.

“ఎలాగూ ఆ దారినే వెళ్తున్నావుగా, అమ్మ కళ్లజోడు బాగుచేయించుకుని వెళ్లు. షాపువాడు గంటలో ఇచ్చేస్తాడు,” అన్నారు మా ఆయన.

“పదింటికి మీటింగుందండీ.”

“నువ్వు లేకపోతే ఆగిపోతుందా?”

“ఆగదు. అదే నా భయం.”

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పెట్టెలు నింపే నా పద్ధతిలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. పెట్టెలో చోటు మిగిలితే, తర్వాతి ముక్క కోసం కాసేపు ఆగుతుంది. ఆ కాసేపుకి ఒక హద్దుంటుంది. అది దాటితే ఖాళీ ఉన్నా సరే, బయలుదేరాల్సిందే. లేకపోతే అప్పటికే లోపలున్నది ఎవరికీ చేరదు. అక్కడ ఆ హద్దు నేనే పెట్టాను. ఇంట్లో పన్నెండేళ్లుగా పెట్టనేలేదు.

ఆయన కళ్లజోడు డబ్బాని నా బ్యాగులో పడేశారు. “చూడు, ఎంత చోటుందో!”

డబ్బా బయటికి తీసి ఆయన చేతిలో పెట్టాను. చెప్పులేసుకుని తలుపు తీశాను.

“చోటుందండీ. ఖాళీగానే ఉండనివ్వండి.”