అత్తగారి అంగీఠీ

పెళ్ళయి ఇరవై రెండు రోజులు. హిందీ మాట్లాడే కాసిడీహ్‌లో మా అత్తవారి పెరట్లో నాకన్నీ ముద్దే: దండెం మీద చేతులు కలుపుకుని ఆరే మా ఇద్దరి స్వెటర్లు, మూలనున్న అంగీఠీ. ఇనుప బకెట్టుకి లోపల మట్టి మెత్తి చేసిన బొగ్గుల కుంపటి అది. అత్తగారు కస్తూరమ్మ ముప్ఫై ఏళ్ళు దాని మీదే వండారు. దగ్గు పట్టుకున్నాక డాక్టరు పొగ జోలికి వెళ్ళొద్దన్నాడు. గ్యాసు మీద కాల్చిన వంకాయ పచ్చడి తిన్నప్పుడల్లా ఆవిడ చూపు అటే పోతుంది.

ఆదివారం దాన్ని పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేస్తానన్నారు.

"శనివారం నన్నొకసారి వెలిగించనివ్వండి అత్తయ్యా. పొగొస్తే ఇచ్చేద్దాం."

మా ఆయన కూర్మారావు తను పనిచేసే ఆదిత్యపూర్ ఫౌండ్రీలో యజమానినడిగి చిన్న సంచీడు ఆంథ్రసైట్ తెచ్చారు. నల్లగా, గాజులా మెరిసే గట్టి బొగ్గు. చేతికి మసి అంటదు. కాలేజీలో పుస్తకంలో చదివాను, ఇప్పుడు నా అరచేతిలో ఉంది. ఒక ముక్క కిటికీలో దాచుకున్నాను.

"ఒరే కూర్మం, బొగ్గని రాళ్ళు తెచ్చావేట్రా?"

"నీ కోడలు తెమ్మంది. నన్నడక్కు."

కట్టెబొగ్గు గ్యాసు మీద ఎర్రగా కాల్చి అడుగున వేసి, పైన ఈ ముక్కలు పేర్చాను. ఇక్కడ అంగీఠీ బయట అంటిస్తారు. తెల్లటి పొగ లేస్తుంది. అది తగ్గితే నిప్పు కుదిరినట్టు, లోపలికి తెచ్చుకుంటారు. అత్తగారు ముక్కుకి కొంగడ్డం పెట్టుకుని గుమ్మంలో కాచుకున్నారు. అరగంటైనా పొగ లేదు.

"అంటుకోనేదు బిందూ. ఛోడ్ దే, వదిలేయ్. ఏటి సేత్తాం," అంటూ పారబోయడానికి వచ్చి, అంగీఠీ మీద చెయ్యి పెట్టబోయి చటుక్కున వెనక్కి లాక్కున్నారు. వంగి చూశారు. ముక్కల మధ్య పొట్టి పొట్టి నీలి మంటలు.

"మరి పొగేదే?"

"దీనికి ఉండదు అత్తయ్యా."

ఆవిడ మెల్లగా కొంగు తీశారు. గాలి పీల్చారు. దగ్గు రాలేదు.

"అయితే లోపలికి తే."

"వద్దు. కనబడని విషవాయువు వస్తుంది. పెరట్లోనే వండుకుందాం."

"చదువుకున్న కోడలితో ఇదే తంటా," అని పీట తెచ్చుకుని కూర్చున్నారు. ముగ్గురం స్వెటర్లేసుకుని అక్కడే తిన్నాం. వంకాయలు ఆవిడే తిప్పారు, నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఆదివారం కబాడీవాడు కేకేశాడు.

"కుఛ్ నహీ హై, బాబూ," ఇవ్వడానికేమీ లేదని పంపేసి, అత్తగారు నావైపు తిరిగారు.

"సంచి ఖాళీ అయ్యింది. కిటికీలో రాయొకటి దాచావు కదా. అదీ తే, ఇంకా రెండు వంకాయలున్నాయి."