పొడి గది

పన్నెండో డబ్బా మూత తీస్తుండగా మేస్త్రీ వచ్చి ఆమెను ఆఫీసు గదికి రమ్మన్నాడు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పి దులిపితే పసుపుపచ్చని పొడి రాలింది. మూడుసార్లు చేతులు కడిగినా నీళ్ళు తేటపడలేదు. ఆ రంగుల కార్ఖానా పొడి గదిలో పద్దెనిమిదేళ్ళు ఆమె, భర్త పక్కపక్కనే పనిచేశారు. నెల రోజులుగా ఆయన చోటు ఖాళీ. మూత్రంలో నెత్తురు పడుతోందని ఆస్పత్రికి వెళితే, మూత్రాశయంలో క్యాన్సర్ అని తేలింది.

గుమస్తా ఆమెకు కుర్చీ చూపించాడు. అన్నేళ్ళలో అదే మొదలు.

"ఆస్పత్రి నుంచి కబురేమైనా వచ్చిందా బాబూ?"

"అదేం లేదమ్మా. దీనిమీద సంతకం పెట్టు. మందులన్నీ ఇకమీదటా కంపెనీయే ఇస్తుంది."

ఆమె కూడబలుక్కుంటూ చదివింది. తన భర్తకు బీడీల అలవాటు వల్లనే ఈ జబ్బు వచ్చిందనీ, పనికీ దీనికీ సంబంధం లేదనీ రాసి ఉంది.

"బీడీలా! పక్కవాడు కాలిస్తేనే పది తుమ్ములు తుమ్ముతాడాయన. ఆయన్ని షెడ్డంతా 'తుమ్ములయ్యా' అనే కదా పిలిచేది! మీరూ అలాగే పిలిచేవారు."

గుమస్తా కళ్ళు దించుకున్నాడు. "జబ్బులు ఎందుకొస్తాయో ఎవరికి తెలుసమ్మా? తలరాత!"

నిన్నటిదాకా ఆమె కూడా అదే అనుకుంది. నిన్న ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆయన మంచం పక్కన కూర్చుని విడమరిచి చెప్పింది.

"ఎప్పుడు పెరగాలో, ఎప్పుడు ఆగాలో ప్రతి కణంలోనూ రాసిపెట్టి ఉంటుందమ్మా. కొన్ని రంగుపొడుల్లోని విషం ఒంట్లోకి పోయి మూత్రంలో చేరుతుంది. మూత్రాశయంలో గంటల తరబడి నిలవుండి అక్కడి కణాల్లోని ఆ రాతను చెడగొడుతుంది. ఒకటీ అరా తప్పులైతే ఒళ్ళే సరిచేసుకుంటుంది. ఏళ్ళ తరబడి తప్పు మీద తప్పు పడితే, ఆగడం మరిచిపోయిన కణం ఒకటి తయారవుతుంది. ఇక అది తనలాంటివాటినే పుట్టిస్తూ పోతుంది."

"అయితే నాకూ వస్తుందా?"

"అందరికీ రాదు. ఎవరికొస్తుందో ముందే చెప్పలేం. మీ గదిలోవాళ్ళంతా పరీక్ష చేయించుకోవాలి."

ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు ఒకచోట కాలు నిలవడం లేదు.

"బాబూ, మా గదిలో పనిచేసిన పొడుగు మామ పోయిందీ ఈ జబ్బుతోనే. నవ్వుల పిన్నీ అంతే. ఆ తలరాత పొడి గదినే ఎందుకు పట్టుకుంది? మూటలు కట్టే చోట ఒక్కరికీ రాలేదే?"

"నాకెందుకమ్మా ఇవన్నీ!" గుమస్తా కలం ఆమె వైపు జరిపాడు. "పెట్టకపోతే మందులు ఆగిపోతాయి."

ఆమె చెయ్యి కలం దాకా వెళ్ళింది. నొప్పి తెరలు తెరలుగా వస్తుంటే, అరుపు బయటికి రాకుండా ఆయన దుప్పటి అంచు కొరుకుతుండటం కళ్ళ ముందు కదిలింది. కంపెనీ ఇచ్చే ఆ నొప్పి సూదిమందు లేకపోతే ఎలా? కలం పట్టుకుంది. మొదటి అక్షరం రాయబోయి ఆగింది. బీడీ అన్న మాట కింద తన పేరు!

"పెట్టను" అంది. కలం బల్లమీద పెట్టి లేచింది.

తిరిగి వచ్చేసరికి పొడి గదిలో భర్త చోటున ఎవరో నడివయసు ఆడమనిషి నిలబడి ఉంది. కొత్తగా ఉతికిన గుడ్డ ముక్కుకు కట్టుకుని డబ్బా మూత కింద ఇనపముక్క దూరుస్తోంది.

ఆమె గబగబా వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉండమ్మా. తెరవకు. ముందు నా మాట విను."

వెనక నుంచి మేస్త్రీ కేక వేశాడు. మిగతా నలుగురూ చేతిలో పని వదిలి ఇటు తిరిగారు.