కన్ను కదిలే వెబ్‌సైటు

ఆ డిజైనరు పదహారేళ్లుగా వెబ్‌సైట్లు చేసి బతుకుతున్నాడు. చేసి ఊరుకోక, తోటివాళ్లకు దారి చూపడం కూడా తన బాధ్యతేనని ఎప్పుడో తీర్మానించుకున్నాడు. ప్రతి సోమవారం తన సొంత పేజీలో ఒక చిట్కా రాసేవాడు. "ఖాళీ జాగాకు భయపడకండి", "చెప్పకుండా వదిలేసిందే అసలు అందం", "వాడేవాళ్ల తెలివిని గౌరవించండి", ఇలాంటివి. నాలుగువేల మంది చదివేవారు. వాళ్లలో చాలామంది అలాంటి చిట్కాలే రాసే డిజైనర్లు.

అతని పనుల్లో తలమానికం ఒక కంటి ఆసుపత్రి వెబ్‌సైటు. తెరవగానే స్క్రీన్ నిండా పెద్ద కన్ను వచ్చేది. వేలు ఎటు జరిపితే కనుపాప అటు తిరిగేది. ఆ కంటి చేత రెప్ప వేయించడానికే అతను మూడు వారాలు తంటాలు పడ్డాడు. అక్షరాలు సన్నగా, లేత బూడిద రంగులో, తెల్లటి పేజీలో ఉన్నాయా లేవా అన్నట్టుండేవి. ఆ ఏడు దానికి బహుమతి వచ్చింది. చూపు గురించి ఇంత లోతుగా ఆలోచించిన పని మరొకటి లేదని న్యాయనిర్ణేతలు రాశారు. వాళ్లలో ఎవరికీ ముప్పై ఐదు దాటలేదు.

ఇంట్లో ఉండేది ఇద్దరే, అతనూ మేనత్తా. అమ్మానాన్నలు పోయాక అతన్ని పెంచి పెద్దచేసింది ఆవిడే. ముప్పై రెండేళ్లు రైలు టికెట్ల కౌంటరులో పనిచేసి రిటైరైంది. అద్దానికున్న చిన్న కంతలోంచి సగం సగం మాటలు విని, ఎవరికి ఏ రైలు కావాలో చెప్పేసేదట. ఈమధ్య చూపు మందగించింది. తలుపు వెనక తగిలించిన రెయిన్‌కోటును "ఎప్పుడొచ్చావురా?" అని ఆవిడ పలకరించిన రోజున ఇక లాభం లేదనుకున్నాడు.

"కళ్లు చూపించుకోవాలత్తా."

"తీసుకెళ్లరా మరి."

"తీసుకెళ్లడమెందుకు? నేను చేసిన వెబ్‌సైటే కదా. ఫోన్లో మూడుసార్లు నొక్కితే అపాయింట్‌మెంట్ వచ్చేస్తుంది. నువ్వే చేసుకో."

రెండు రోజుల తర్వాత అడిగితే అయిపోయిందంది. పది రోజులు గడిచినా ఆసుపత్రి నుంచి పిలుపు లేదు.

"ఉత్తరాలు మాత్రం రోజూ రాస్తున్నార్రా, ఒకేసారి ఐదేసి," అంది ఆవిడ. "ఎండలో తిరగొద్దంటున్నారు, టీవీకి దగ్గరగా కూర్చోవద్దంటున్నారు. ఎప్పుడు రావాలో మాత్రం రాయట్లేదు. నేనూ రెండుసార్లు జవాబిచ్చాను."

అతను ఫోన్ తీసుకుని చూశాడు. ఆవిడ అపాయింట్‌మెంట్ తీసుకోలేదు. ఆసుపత్రివాళ్లు పంపే ఆరోగ్య సలహాలకు ఐదుసార్లు పేరిచ్చింది.

"బటన్ కనపళ్లేదా అత్తా?"

"కన్ను కనపడిందిరా. నేను వేలు ఎటు పెడితే అటే చూస్తోంది. తర్వాతేం చెయ్యాలో అది చెప్పలేదు."

అతనికి ఒళ్లు మండింది. మండింది ఆవిడ మీదే. వాడేవాళ్ల తెలివి సంగతి ఆ క్షణాన అతనికి గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిణ్ణి వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. వెబ్‌సైటు చేసి రెండేళ్లయినా అక్కడ అడుగు పెట్టడం అదే మొదలు. అప్పట్లో పనంతా వీడియో కాల్స్‌లోనే అయిపోయింది.

లోపల వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. కళ్లల్లో చుక్కలు వేయించుకుని తలలు గోడకు ఆనించి కూర్చున్నవాళ్లతో అవన్నీ నిండిపోయాయి. కౌంటరు వెనకున్నావిడ ఫోన్‌ను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూ, వచ్చినవాళ్లందరి చేతిలో ఒక పసుపుపచ్చ కాగితం పెడుతోంది. మేనత్తకూ ఒకటి ఇచ్చింది.

"ఈసారి వెబ్‌సైటు తెరిచేముందు ఇది చదువుకోండమ్మా."

చేత్తో రాసి జిరాక్సు తీసిన లావుపాటి అక్షరాలు. మేనత్త కాగితాన్ని బారెడు దూరాన పట్టుకుని పైకే చదివింది.

"ఒకటి. ముందు పెద్ద కన్ను వస్తుంది. భయపడకండి. రెండు. కిందికి జరపండి. ఏమీ ఉండదు. ఇంకా జరపండి. మూడు. బూడిదరంగు చుక్క ఒకటి ఉంటుంది. అదే బటన్. కనపడకపోతే చూపు బాగున్న వాళ్లనెవరినైనా అడగండి. నాలుగు. 'మాతో ప్రయాణించండి' అన్నచోట నొక్కకండి. నొక్కితే ఉత్తరాలు వస్తాయి. ఐదు. ఏదీ కుదరకపోతే ఫోన్ చేయండి. నంబరు వెబ్‌సైటులో లేదు, ఇదిగో."

కింద నంబరు కాగితం వెడల్పునా ఉంది.

"ఎంత చక్కగా రాశావమ్మా!" అంది మేనత్త.

"ఏం చెయ్యనండీ, రోజుకి అరవై ఫోన్లు. ఎవరో మహానుభావుడు చేశాడు ఆ వెబ్‌సైటు. వాళ్లింట్లో పెద్దవాళ్లెవరూ లేరు కాబోలు."

"ఎందుకు లేరూ, నేను లేనూ? చేసింది మావాడే!" అంటూ మేనత్త గర్వంగా పక్కనున్న పెద్దమనిషి భుజం తట్టింది.

"నాకేం తెలీదమ్మా, నేను కళ్లజోడు కోసం వచ్చాను," అన్నాడాయన కంగారుగా.

డిజైనరు నేలకేసి చూస్తూ, "నేనండీ," అన్నాడు.

కౌంటరావిడ అతన్ని ఎగాదిగా చూసింది. నాలుగు దులుపుతుందనుకున్నాడు. ఆవిడ తన పక్కనున్న స్టూలు మీంచి ఫైళ్లు తీసింది. "ఇలా వచ్చి కూర్చోండి." ఫోన్ మోగింది. "ఇది మీరు తియ్యండి."

ఒంటిగంట దాకా అతనే తీశాడు. చుక్కలు వేయించుకున్నాక బండి నడపొచ్చా? పరగడుపున రావాలా? తోడు ఉండాలా? మెట్లెక్కాలా, లిఫ్టు ఉందా? మందులచీటీ పోయింది, ఇప్పుడెలా? ఇలా అడుగుతూనే ఉన్నారు. ఒక్కదానికీ అతని వెబ్‌సైటులో జవాబు లేదు. పక్కనుంచి ఆవిడ చెబుతుంటే అతను ఫోన్లో అప్పజెప్పాడు. ఒకాయన, "ఆ వెబ్‌సైటు చేసినవాడు ఎప్పుడైనా కనపడితే నేను అడిగానని చెప్పండి," అన్నాడు.

"చెబుతానండీ," అన్నాడు డిజైనరు.

మేనత్తకు రెండు కళ్లలోనూ శుక్లాలు ఉన్నాయని, కుడికంటికి నెల తర్వాత ఆపరేషనని తేల్చారు.

ఆ తర్వాత రెండు వారాలు అతను వేరే పని పట్టలేదు. పసుపు కాగితాన్ని స్క్రీన్ పక్కన అంటించుకుని వెబ్‌సైటు మొదటినుంచీ మళ్లీ చేశాడు. తెల్లటి పేజీ, నల్లటి పెద్ద అక్షరాలు. పైన ఫోన్ నంబరు. దాని కింద బొటనవేలంత బటన్. ఆ కింద జనం అడిగే తొమ్మిది ప్రశ్నలు, జనం అడిగే మాటల్లోనే. అన్నీ అయ్యాక ఫోన్ మేనత్త చేతికిచ్చి, ఎదురుగా నోరు మూసుకుని కూర్చున్నాడు. పదహారేళ్లలో అతనికి అంత కష్టమైన పని తగల్లేదు. ఆవిడ పేరు రాసింది, రోజు ఎంచుకుంది, చివరికొచ్చి ఆగిపోయింది.

"ఏం సమర్పించాల్రా?"

"ఏంటత్తా?"

"'సమర్పించు' అని రాశావు కదా. పేరిచ్చాను, వయసిచ్చాను. ఇంకేం సమర్పించుకోమంటాడు ఆ డాక్టరు?"

వందకు పైగా వెబ్‌సైట్లలో అతను ఆ మాట పెట్టాడు. ఇన్నాళ్లూ ఒక్కరూ అడగలేదు. తీసేసి "అపాయింట్‌మెంట్ కావాలి" అని రాశాడు. ఆవిడ ఠక్కున నొక్కింది.

ఆసుపత్రి నడిపే డాక్టరుగారికి మాత్రం నచ్చలేదు.

"కన్నేదయ్యా?" అన్నాడు. "ఇందులో డిజైనెక్కడుంది? ఇలాంటిది మా బావమరిది కూడా చేస్తాడు."

అతను డాక్టరుగారి ఫోన్లోనే పాత వెబ్‌సైటు తెరిచి ఆయన ముందు పెట్టాడు. "మీకే ఒక అపాయింట్‌మెంట్ తీసుకోండి సార్."

డాక్టరుగారు నవ్వుతూ మొదలుపెట్టాడు. కాసేపటికి నవ్వు మానేశాడు. కళ్లజోడు తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. నాలుగో నిమిషంలో ఫోన్ బల్లమీద పెట్టి, పని అయిపోయిందన్నాడు. వెంటనే ఫోన్ కుంయ్‌మంది. టీవీకి దగ్గరగా కూర్చోవద్దని ఆసుపత్రి నుంచి ఉత్తరం.

తలుపు దగ్గర నిలబడ్డ కౌంటరావిడ పసుపు కాగితం ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన ఐదు పాయింట్లూ చదివాడు. "సరే, కొత్తదే పెట్టండి," అన్నాడు మొహం మాడ్చుకుని.

పది రోజుల్లో ఫోన్లు అరవై నుంచి పదిహేనుకు దిగాయి. బహుమతి ఇచ్చినవాళ్లు, తాము మెచ్చిన పని ఇప్పుడు లేదు కనుక జాబితాలోంచి పేరు తొలగిస్తున్నామని మర్యాదగా రాశారు. ఆ సోమవారం అతను ఒకే ఒక్క చిట్కా రాశాడు: "మీ వెబ్‌సైటు ఎవరికోసమో, వాళ్ల ఫోన్లు ఒక పూట మీరు తీయండి." చదివేవాళ్లు మూడొందల మంది తగ్గారు. అతనికి కాస్త బాధగానే ఉంది గానీ, రాసింది మార్చలేదు.

మేనత్త ఆపరేషను సవ్యంగా జరిగింది. మర్నాడు కంటికట్టు విప్పించుకుని ఇంటికొచ్చిన మనిషి హాల్లో నిలబడి చుట్టూ చూసింది.

"ఈ గోడలకి పసుపురంగు వేయించాం కదరా, ఇప్పుడు తెల్లగా కనపడుతున్నాయేంటి?"

"తెలుపే అత్తా. ఎప్పుడూ తెలుపే."

"తెలుపా!" ఆవిడ దగ్గరికెళ్లి వేలితో తడిమింది. "మరి స్విచ్చి చుట్టూ ఈ నల్ల మరకలేంటి? ఆ మూలన బూజేంటి? ఇన్నాళ్లూ ఈ కొంపలోనా ఉన్నాం మనం?" తర్వాత అతనికేసి తిరిగింది. చాలాసేపు చూసింది. "నీకింత నెరిసిపోయిందేంట్రా? నాకు చెప్పనేలేదు."

"అడగలేదుగా అత్తా," అన్నాడతను.

ఆదివారం అతను స్టూలెక్కి తడిగుడ్డతో గోడలు తుడిచాడు. ఆవిడ కింద కుర్చీ వేసుకుని, ఎడమకన్ను మూసి కుడికంటితో చూస్తూ, ఇంకా ఎక్కడెక్కడ తుడవాలో సాయంత్రం దాకా చెబుతూనే ఉంది.